డబ్బు కట్టి మరీ ర్యాగింగ్ చేయించుకుంటావట్రా?

మా వంటింట్లో ఒక స్టీలు డబ్బా ఉంది. మూత మీద మిషన్‌తో చెక్కిన ఇంటిపేరు మాది కాదు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ దాన్ని కడిగి బోర్లిస్తూ "ఎవరిదిది?" అని అడిగింది. "కాలేజీ రోజుల్లో ఒకావిడ పులిహోర పెట్టి ఇచ్చింది, తిరిగివ్వడం కుదర్లేదు" అన్నాను. అది సగం నిజం. మిగతా సగం చెప్పడానికి నాకింకో మూడేళ్ళు పట్టింది.

నేను పుట్టింది తెనాలిలో. 1999లో వైటూకే (2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయం) హడావుడి మీద నాన్నకి హెచ్1బీ వచ్చి హ్యూస్టన్ వచ్చేశాం. అప్పటికి నాది ఆరో తరగతి. అమ్మమ్మకి నెలకో ఉత్తరం రాయాలని అమ్మ రూలు పెట్టింది కాబట్టి తెలుగు చేజారలేదు. 2006లో టెక్సాస్‌లోనే ఒక పెద్ద గవర్నమెంటు యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్‌లో చేరాను. క్లాసుకి మూడొందల మంది. మొదటి సెమిస్టర్ మొత్తం మధ్యాహ్నం భోజనం కార్లో కూర్చుని తిన్నాను. డిసెంబరు వచ్చేసరికి నా పేరు సరిగ్గా పలికినవాడు ఒక్కడు లేడు.

జనవరిలో రష్ మొదలైంది. ఫ్రెటర్నిటీలు, అంటే కాలేజీ మగపిల్లల సంఘాలు, కొత్త పిల్లల్ని చూసుకునే వారం అది. ఒక టేబుల్ దగ్గర బిర్యానీ వాసన వచ్చింది. ఆగాను. అంతే, అబద్ధం చెప్పడం దేనికి, నన్ను లోపలికి లాగింది బిర్యానీయే.

మనవాళ్ళకి ఫ్రెటర్నిటీ అంటే సినిమాల్లో చూపించే తాగుడు పార్టీలే గుర్తొస్తాయి. అసలు సంగతి చాలా పాతది. గ్రీకు అక్షరాలు పేరుగా పెట్టుకున్న మొదటి విద్యార్థి సంఘం ఫై బీటా కప్పా, 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. ఇప్పుడు మనం చూసే రకానివి 1825 నుంచి, న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీతో మొదలయ్యాయి. చాలాకాలం అవి తెల్లవాళ్ళ పిల్లల వ్యవహారమే. నల్లజాతి విద్యార్థులు 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. మన దేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు 1990లలో తమవి తాము పెట్టుకున్నారు. 1994లో బింగమ్‌టన్‌లో, 1998లో ఆస్టిన్‌లో, అలా. వరసగా నిలబడి అడుగులు వేసే స్టెప్పింగు, 'లైన్' (కలిసి చేరే కొత్తవాళ్ళ జట్టు), 'క్రాస్ అవ్వడం' (పరీక్షలు దాటి సభ్యుడవ్వడం) లాంటి మాటలు, ఇవన్నీ మేం నల్లవాళ్ళ దగ్గర ఎత్తుకొచ్చుకున్నవే. నేను చేరినదీ ఇలాంటి దేశీ ఫ్రెటర్నిటీయే. పేరు చెప్పను.

బిడ్ వచ్చింది, అంటే రమ్మని పిలుపు. సెమిస్టర్‌కి 350 డాలర్లు డ్యూస్, అంటే చందా. డబ్బు అడగాలి కాబట్టి నాన్నకి ఫోన్ చేసి, ఎనిమిది వారాల ప్లెడ్జింగ్ (పూర్తి సభ్యుణ్ణి చేసేముందు పెట్టే పరీక్షాకాలం) అంటే ఏమిటో నాకు తెలిసినంత మెత్తగా చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఏరా, డబ్బు కట్టి మరీ ర్యాగింగ్ చేయించుకుంటావట్రా?"

నాన్న కోస్తాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో సీనియర్ల బట్టలు ఉతికిన మనిషి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ మీద చట్టం వచ్చింది 1997లో. నాన్న కాలంలో అది ఊహకి కూడా అందేది కాదు. ఆ సీనియర్లలో ఇద్దరు తర్వాత నాన్నకి ప్రాణస్నేహితులయ్యారు. మిగతావాళ్ళ పేరెత్తితే ఇప్పటికీ నాన్న మొహం మారిపోతుంది. "నీ ఇష్టం" అని డబ్బు పంపించాడు.

మా లైన్‌లో పదకొండు మందిమి. ఎత్తు ప్రకారం నిలబెడితే నా నంబరు నాలుగు. రాత్రి పన్నెండు దాటాక ఒక అద్దె ఇంటి గ్యారేజీలో, ఒకే ఒక్క బల్బు కింద నిలబెట్టేవాళ్ళు. ఫోన్లు ముందే లాగేసుకునేవాళ్ళు. ఎవడు తడబడినా పదకొండు మందికీ వాల్ సిట్. పేరు కొత్తగా ఉందనుకున్నాను, తీరా చూస్తే తెనాలిలో మా లెక్కల మాస్టారు వేయించిన గోడకుర్చీ!

అగ్గిపుల్ల పరీక్ష మాత్రం నాకు కొత్త. ఇది చాలా ఫ్రెటర్నిటీల్లో ఉన్నదే. పుల్ల గీసి చేత్తో పట్టుకుని, అది ఆరేలోపు ఆల్ఫా నుంచి ఒమేగా దాకా 24 అక్షరాలూ గడగడా అప్పజెప్పాలి. మొదటి రాత్రి నేను 'మ్యూ' దగ్గరే వేలు కాల్చుకున్నాను. రెండో రాత్రీ అంతే. పక్కన ఐదో నంబరువాడు, సూరత్ నుంచి వచ్చి మోటల్ నడిపే పటేల్ కుటుంబం పిల్లాడు, పెదవులు కదపకుండా గొణిగాడు: "పుల్లని వంచకు. తల పైకి పెట్టి నిటారుగా పట్టుకో. మంట పైకే పోతుంది, పుల్ల మెల్లగా కాలుతుంది." మూడో రాత్రి గోరుకి సెగ తగిలేసరికి నేను 'సై' దాటి ఒమేగాలో ఉన్నాను. బొటనవేలి పక్కన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ గ్యారేజీలో అరిచినవాళ్ళ పేర్లు సగం మర్చిపోయాను కానీ ఆ గొణుగుడు చెవిలోనే ఉంది.

ఎనిమిదో వారం క్రాస్ అయ్యాం. స్టెప్పులు, జాకెట్లు, లైన్ పేర్లు, అరుపులు. అమ్మ వచ్చి చూసి "పిల్లాడు సగమయ్యాడు" అని ఏడ్చింది. నాకు మాత్రం జీవితంలో మొదటిసారి ఒక గదిలోకి వెళ్ళగానే నలభై మంది నా పేరు పెట్టి, సరిగ్గా పలికి మరీ పిలిచారు. ఆ సంతోషాన్ని ఈరోజు తక్కువ చేసి చెప్పలేను.

2008లో నన్ను ప్లెడ్జ్ మాస్టర్ చేశారు. కొత్తవాళ్ళని 'తయారుచేసే' పని. ఉన్నవన్నీ కొనసాగించాను, నా వంతుగా ఒకటి కలిపాను కూడా. దాన్ని మేం 'నాలుగింటి ఫోను' అనేవాళ్ళం. తెల్లవారుజామున నాలుగు గంటలకి ప్లెడ్జుల్లో ఒకడికి ఫోన్ చేస్తాను. వాడు మిగతా అందర్నీ లేపుకుని ఇరవై నిమిషాల్లో నా అపార్ట్‌మెంటు ముందుండాలి. బ్రదర్, అంటే తోటి సభ్యుడు, అర్ధరాత్రి పిలిస్తే ఎంతసేపట్లో వస్తావన్నది పరీక్ష. ఇరవై అని ఎందుకు పెట్టానంటే, డార్మ్ (హాస్టల్) నుంచి మా ఇంటికి కారులో పదిహేను నిమిషాలు. వారానికి మూడుసార్లు చేసేవాణ్ణి. చాలా గొప్ప ఆలోచన చేశాననుకునేవాణ్ణి.

ఏడో వారం, ఒక గురువారం. పిల్లలు వచ్చారు, నిలబడ్డారు, ఐదింటికి వెనక్కి పంపించాను. వాళ్ళలో ఒకడు నెల్లూరు వాళ్ళబ్బాయి, హ్యూస్టన్‌లోనే పెరిగాడు. అప్పటికి రెండు రాత్రులుగా నిద్ర లేదు. దారిలో స్టీరింగ్ మీదే కునుకు పట్టి, కారు రోడ్డు దిగి కాలవలో పడింది. భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. ఎయిర్‌బ్యాగ్ కొట్టుకుని మొహమంతా ఎర్రగా కమిలిపోయింది. వెనక కారులోవాళ్ళు ఫోన్ చేస్తే నేను అంబులెన్సు వెనకాలే వెళ్ళాను.

పోలీసులు అడిగితే పరీక్షకి చదివి చదివి నిద్రపోయానన్నాడు. వాడికి ఎవరూ అలా చెప్పమని చెప్పలేదు. ఏడు వారాలుగా మేం నేర్పింది అదే.

సాయంత్రానికి వాళ్ళమ్మ వచ్చింది. కాటన్ చీర మీద స్వెట్టరు, చేతిలో సంచి. కొడుకు నిద్రపోతుంటే బయట కుర్చీల్లో ఉన్న మా దగ్గరికొచ్చి, "పొద్దుటినుంచీ ఏం తిన్నారో ఏమో" అంటూ స్టీలు డబ్బా మూత తీసింది. పులిహోర. దారి పొడుగునా మూతలో పట్టిన ఆవిరి చుక్కలుగా అన్నం మీద పడుతోంది. "నువ్వే కదా బాబూ అంబులెన్సు వెనకాల వచ్చింది? నీలాంటి అన్న ఉన్నాడు కాబట్టి సరిపోయింది."

"అవునాంటీ" అన్నాను. దేనికి అవునన్నానో నాకే తెలీదు. పులిహోర తిన్నాను. అదీ చెప్పాలి కదా, ఆకలేసింది, తిన్నాను.

ఆ అబ్బాయి ఆ వారమే మానేశాడు. మిగతావాళ్ళు క్రాస్ అయ్యారు. ఆ ఫోటోలో మధ్యలో నేను నవ్వుతూ నిలబడి ఉంటాను. ఆ సెమిస్టర్‌కి నాలుగింటి ఫోను ఆపేశాను. తర్వాత వచ్చిన ప్లెడ్జ్ మాస్టర్ మళ్ళీ మొదలుపెట్టాడని తెలిసింది. నోరెత్తలేదు.

ఉద్యోగం సంగతి. నేను డిగ్రీ పుచ్చుకున్నది 2010లో. 2008 ఆర్థిక మాంద్యం దెబ్బకి కట్టడాల పని ఎక్కడిదక్కడ ఆగిపోయి, కొత్త సివిల్ ఇంజనీర్ల మొహం చూసేవాడు లేడు. నలభైకి పైగా అప్లికేషన్లు పెడితే రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి, రెండూ పోయాయి. మా చాప్టర్‌లో, అంటే మా యూనివర్సిటీ శాఖలో, నాకంటే ఏడేళ్ళు సీనియర్ ఒకాయన అర్వింగ్‌లో రోడ్ల డిజైన్ కంపెనీలో ఉండేవాడు. ఆయన్ని నేను అంతకుముందు ఒక్కసారే చూశాను. ఆయనే ఫోన్ చేసి "రెజ్యూమె పంపు" అన్నాడు. మూడు వారాల్లో ఉద్యోగం. థాంక్స్ చెప్పబోతే "నాకొద్దు, నీ తర్వాత వచ్చేవాడికి చెయ్యి" అన్నాడు.

చేశాను. 2017లో ఇంకో కంపెనీలో ఉన్నప్పుడు చాప్టర్ నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ణి పెద్దగా కనుక్కోకుండానే రికమెండ్ చేశాను. ఆర్నెల్లకి బయటపడింది, సైట్‌కి వెళ్ళకుండానే వెళ్ళినట్టు తనిఖీ కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడని. రోడ్డు కింద తూము సరిగ్గా వేశారో లేదో చూడకుండా పెట్టిన సంతకం ఎవరి ప్రాణాల మీదికి తెస్తుందో చెప్పలేం. మా బాస్ పిలిచి ఒకటే అడిగింది: "ఇతని పని నువ్వెప్పుడు చూశావు?" మూడు గ్రీకు అక్షరాలు తప్ప చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

మనవాళ్ళలో ఫలానా జిల్లావాళ్ళు, ఫలానా కులంవాళ్ళు గ్రూపులు పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు ఉద్యోగాల్లోకి లాక్కుంటారని నేను ముక్కు విరిచేవాణ్ణి. నేను చేసిందేమిటి మరి? అప్పట్నుంచీ రెజ్యూమెలో ఆ అక్షరాలు కనిపిస్తే ఆ కాగితం ఇంకొకరికి ఇచ్చేస్తాను. నాకు ఉద్యోగం ఇప్పించినాయన ఇది విని నొచ్చుకున్నాడు. ఆయన నొచ్చుకోవడంలోనూ న్యాయం ఉంది.

పెళ్ళి 2015లో. మా ఆవిడది హన్మకొండ. నా లైన్ బ్రదర్స్ తొమ్మిది మంది సంగీత్‌లో జాకెట్లేసుకుని స్టెప్పింగ్ చేస్తే మా అత్తగారు "వీళ్ళు మిలిటరీయా?" అని అడిగింది. తర్వాత వీటన్నిటి కథా చెప్తే మా ఆవిడ తాపీగా విని, "మా హాస్టల్ల గివన్ని ఫ్రీగనే అయినయ్" అంది.

2018 ఉగాదికి డాలస్ శివార్లలో మనవాళ్ళ ప్రోగ్రాం. పచ్చడి లైన్లో ముందున్న మనిషి భుజాల మీద రెండేళ్ళ పిల్ల. అతను తిరిగాడు. పదేళ్ళయినా వెంటనే గుర్తుపట్టాను.

"అన్నా, బాగున్నావా" అన్నాడు.

అన్నా అన్నాడు. నేను ఎప్పట్నుంచో మనసులో కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "నీకు సారీ చెప్పాలి" అన్నాను. అతను పిల్లని కుడి భుజం మీంచి ఎడమకి మార్చుకున్నాడు. "చలికాలంలో కొంచెం లాగుతుందన్నా, అంతే. అమ్మకి ఇప్పటికీ తెలీదు. చెప్పకు." అని, పచ్చడి కప్పు తీసుకుని వాళ్ళావిడ దగ్గరికి వెళ్ళిపోయాడు. క్షమించాడో లేదో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ అతనికి లేదు.

ఆ రాత్రి మా ఆవిడకి మిగతా సగం చెప్పాను. తిడుతుందనుకున్నాను. లేచి వెళ్ళి ఆ డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. "ఇచ్చెయ్ మరి" అంది. సరే అన్నాను. "ఖాళీ డబ్బా ఎట్ల ఇస్తవ్? ఏదన్న పెట్టియ్యాలె." ఏం పెట్టివ్వాలో ఇద్దరికీ తోచలేదు. డబ్బా మళ్ళీ షెల్ఫులోకి వెళ్ళింది.

ఇక 2021 ఫిబ్రవరి. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి ఆ వారం చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో 45 లక్షల ఇళ్ళకి పైగా కరెంటు పోయింది. 16వ తేదీన డాలస్ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 19. మా పాపకి అప్పటికి మూడు నెలలు. మా ఇంట్లో అంతకుముందు రోజు తెల్లవారుజామున పోయిన కరెంటు ఇంక రాలేదు. మూడు దుప్పట్ల మధ్య పాపని పెట్టుకుని కూర్చున్నాం. రాత్రి గడిచేకొద్దీ దాని ముక్కు చల్లబడుతోంది. కారు హీటర్ వేసుకుని కూర్చుందామంటే పెట్రోలు అడుగంటింది.

ఫోన్ చేతిలోకి తీసుకుని టైం చూశాను. నాలుగు.

ఐదో నంబరువాడికి చేశాను. రెండో రింగుకి ఎత్తాడు. ఏమైందని కూడా అడగలేదు. "ఎంతమంది? మీ ముగ్గురేనా?" అన్నాడు. మా ఇంటికి 14 మైళ్ళలో వాళ్ళ నాన్న మోటల్ ఉంది. పక్కనే ఆస్పత్రి. ఆస్పత్రులున్న లైన్లకి కరెంటు తీయరు కాబట్టి అదే లైన్లో ఉన్న మోటల్‌కీ పోలేదు. తన పికప్ ట్రక్కు వేసుకుని ఆ గాజులాంటి రోడ్ల మీద వచ్చాడు. ఆ 14 మైళ్ళకి గంటా నలభై నిమిషాలు పట్టింది. 112వ నంబరు గదిలో నాలుగు రోజులున్నాం. వాళ్ళమ్మ పొద్దున్నే మెంతికూర థేప్లా, అల్లం టీ పట్టుకొచ్చి తలుపు కొట్టేది. మా పాపని ఒళ్ళో వేసుకుని గుజరాతీలో ఏదో పాడేది. డబ్బు తీసుకోలేదు.

రెండో రోజు పాప వెచ్చగా నిద్రపోతుంటే నేను అన్నాను, "చూశావా, రెండో రింగుకి ఎత్తాడు. ఊరికే తిట్టుకుంటాం కానీ ఆ ఎనిమిది వారాల్లో ఏదో ఉంది."

మా ఆవిడ పాప సాక్సులు హీటర్ మీద ఆరబెడుతోంది. తిరక్కుండానే అంది, "అమ్మకు బాగలేదంటె మా అన్న రాత్రికి రాత్రి హైదరాబాద్ నుంచి హన్మకొండకు ఉరికొచ్చిండు. ఆయనకెవ్వడు ట్రైనింగ్ ఇచ్చిండు?"

నా దగ్గర జవాబు లేదు. ఐదో నంబరువాడు మొదట్నుంచీ అంతే. అగ్గిపుల్ల ఎలా పట్టుకోవాలో వాడికి ఎవరూ చెప్పమనలేదు. చెప్తే తనకీ గోడకుర్చీ పడుతుందని తెలిసే చెప్పాడు. కానీ ఆ గ్యారేజీ లేకపోతే వాడు నాకు తగిలేవాడూ కాదు. ఈ రెండూ నా బుర్రలో ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటాయి.

పోయిన నెల హ్యూస్టన్ నుంచి మా అక్క కొడుకు మెసేజ్ పెట్టాడు. యూనివర్సిటీలో చేరాడు, నేను చదివిందే. రష్ మొదలైందట. "మామయ్యా, నీ ఫ్రెటర్నిటీలో చేరనా?" ఇప్పుడు ఇలాంటివి కనుక్కోవడం మా రోజులకంటే నయం. టెక్సాస్‌లో 2019 చట్టం ప్రకారం ఏ సంఘం మీద హేజింగ్‌కి, అంటే ఇక్కడి ర్యాగింగ్‌కి, చర్య తీసుకున్నా యూనివర్సిటీ ఆ వివరం వెబ్‌సైట్‌లో పెట్టాలి. 2024 డిసెంబరులో సంతకమైన కేంద్ర చట్టం దేశం మొత్తానికీ ఇలాంటిదే తెచ్చింది. పెన్ స్టేట్‌లో 2017లో ఒక ఫ్రెటర్నిటీ ఇంట్లో 19 ఏళ్ళ కుర్రాడు మెట్ల మీంచి పడిపోతే గంటల తరబడి ఎవరూ అంబులెన్సుకి ఫోన్ చేయలేదు, ఆ కుర్రాడు చనిపోయాడు. అలాంటి పిల్లల తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి తిరిగితే వచ్చిన చట్టాలివి.

"చేరేముందు ఆ లిస్టు చదువు" అని మేనల్లుడికి లింకు పంపించాను. పంపించాక నేనూ తెరిచాను. మా చాప్టర్ పేరు ఉంది. ఏడాది, ఎన్నాళ్ళు సస్పెండ్ చేశారు, కింద నాలుగు వాక్యాల్లో ఏం జరిగింది. కొత్త సభ్యుల్ని నిద్రపోనివ్వలేదు. వ్యాయామాలు చేయించారు. తెల్లవారుజామున నాలుగు గంటలకి ఫోన్ చేసి ఇరవై నిమిషాల్లో రమ్మన్నారు.

ఇరవై. నా అపార్ట్‌మెంటు కూల్చేసి అక్కడ ఎప్పుడో పార్కింగ్ కట్టారు. డార్మ్ నుంచి అక్కడికి పదిహేను నిమిషాలన్న సంగతి ఆ పిల్లల్లో ఎవరికీ తెలిసి ఉండదు.

పది నిమిషాలకి మేనల్లుడి మెసేజ్: "చదివాను. ఈ నాలుగింటి ఫోన్ ఏంటి మామయ్యా, వియర్డ్‌గా ఉంది?"

టైప్ చేశాను, చెరిపేశాను. మళ్ళీ టైప్ చేశాను. రాత్రి పదకొండు దాటింది, మా ఆవిడ వంటిల్లు సర్దుతోంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. చివరికి వాడికి ఫోనే చేశాను.

"చెప్పు మామయ్యా" అన్నాడు.

స్టీలు డబ్బా దగ్గర మొదలుపెట్టాను.